రోడ్డు మూసిన ఆదివారం

మా తమ్ముడు పరుగు పందెంలో పేరిచ్చాడని విని అమ్మ పడీ పడీ నవ్వింది. జబ్బేమిటో తెలిశాక ఆమె అలా నవ్వడం అదే మొదలు.

"నువ్వు? పరుగు? బడి బస్సు కళ్లముందే కదిలిపోతుంటే కూడా నింపాదిగా నడిచినవాడివి కదరా!"

"అప్పుడు మిగుల్చుకున్న పరుగంతా ఇప్పుడు పనికొస్తోందమ్మా," అన్నాడు వాడు, కుర్చీని మంచం దగ్గరికి లాక్కుంటూ.

వాడి ముద్దుపేరు బుడగ. పుట్టినప్పుడు ఆ బుగ్గలు చూసి ఎవరో అన్నారట, అదే స్థిరపడిపోయింది. పెద్దయ్యాక పేరూ పోలేదు, బుగ్గలూ పోలేదు. పార్శిళ్లు చేరవేసే ఉద్యోగంలో రోజంతా బండి మీదే ఉండటంతో పొట్ట కూడా తోడైంది. అలాంటివాడు కొత్త బూట్లు తొడుక్కుని, మెడలో తువ్వాలుతో, మంచం పక్కన నిలబడి ఉన్నచోటే గంతులేసి చూపించాడు. కింది వాటాలో ఉండే టైలరమ్మ చీపురు కర్రతో తన పైకప్పు మీద టకటకా కొట్టింది. అమ్మ ఇంకా నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. నేను ఆమెని లేపి కూర్చోబెట్టి వీపు నిమిరాను.

"చాల్లేరా నవ్వించింది," అన్నాను.

"నవ్వనీ అక్కా," అన్నాడు వాడు నెమ్మదిగా.

క్యాన్సర్ ఆసుపత్రికి విరాళాలు పోగుచెయ్యడానికి పెట్టే పరుగు అది. ఏటా చలికాలం చివర్లో ఒక ఆదివారం జరుగుతుంది. అమ్మకి వైద్యం జరుగుతున్నదీ ఆ ఆసుపత్రిలోనే. రోగుల బంధువులు చాలామంది పాల్గొంటారని, ఎవరి కోసం పరిగెత్తుతున్నారో ఆ పేరు చొక్కా వెనక రాసుకుంటారని తమ్ముడు చెప్పాడు.

"అయితే నా పేరు రాస్తావా?"

"పేరెందుకు? 'అమ్మ' అని రాస్తా."

"అలా రాస్తే ఎవరి అమ్మో జనానికేం తెలుస్తుంది?"

"నీకు తెలుస్తుందిగా."

అమ్మ వాడి చెయ్యి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే నొక్కుతూ కూర్చుంది. చీకటి పడుతుండగా వాడు లేచి, నాన్న వచ్చే వేళయిందని బూట్లు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

వాడు వచ్చేది ఎప్పుడూ అలాగే, సాయంత్రంపూట, నాన్న దుకాణంలో ఉండగా. మాది పరుపుల దుకాణం. దూది ఏకడం, పరుపులు నింపి కుట్టడం నాన్న పని. దిండ్లకి గలేబులు కుట్టడం నా పని, ఇంట్లో మిషను మీద. అమ్మ దగ్గుతుంటే నెలల తరబడి నాన్న తనకి తెలిసిన డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాడు. ఆయన మందు సీసాలు మారుస్తూ పోయాడు. పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని తమ్ముడు ఎంత మొత్తుకున్నా, "దుమ్ము దగ్గురా, అదే పోతుంది," అన్నాడు నాన్న. వానాకాలంలో అసలు సంగతి తెలిసేసరికి ఊపిరితిత్తులు రెండూ పాడైపోయి ఉన్నాయి. ఆ రోజు చుట్టాలందరి ముందూ తమ్ముడు నాన్నకేసి వేలు చూపించి, "నీ దూదీ, నీ మొండితనమూ కలిసి అమ్మని పొట్టన పెట్టుకుంటున్నాయి. నువ్వే చంపుతున్నావు నాన్నా ఆమెని," అన్నాడు.

నాన్న తల కూడా ఎత్తలేదు. తమ్ముడు దూరంగా ఎక్కడో ఒక గది తీసుకుని వెళ్లిపోయాడు. వాళ్లిద్దరి మధ్యా మాటలు అక్కడితో ఆగిపోయాయి.

దూది వల్లే వచ్చిందా అని నేను ఆసుపత్రిలో డాక్టరమ్మని విడిగా అడిగాను. "అలా తేల్చి చెప్పలేమమ్మా, దూది ముట్టుకోనివాళ్లకీ వస్తోంది," అందావిడ. ఆ మాట నాన్నకి చెప్పాను. విన్నాడు. విని కూడా, ఆ మర్నాటి నుంచి దుకాణంలోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికి రావడం మొదలుపెట్టాడు. చలి ముదిరినా మానలేదు. దుకాణం వెనక కుళాయి, చన్నీళ్లు. అంతకుముందు ఆయన జుట్టులోనూ కనుబొమ్మల్లోనూ ఎప్పుడూ దూది నూగు ఉండేది. అమ్మ దాన్ని ఏరుతూ "ఇంకో దిండు తయారవుతుంది" అని వేళాకోళం చేసేది. ఇప్పుడు తడి తలతో, సబ్బు వాసనతో వచ్చి, మంచానికి ఎడంగా గోడవార కూర్చునేవాడు.

"దగ్గరికి రండి, కరవనులెండి," అనేది అమ్మ.

"ఇక్కడ బాగానే ఉంది," అనేవాడు.

ఒక సాయంత్రం తమ్ముడు అమ్మ దగ్గర ఉన్నాడు కదా అని, కుట్టిన గలేబులు తీసుకుని దుకాణానికి వెళ్లాను. షట్టరు సగం దించి ఉంది. పక్క టీ కొట్టాయన నన్ను చూసి గొంతు తగ్గించాడు.

"మీ నాన్న పని ఎప్పుడో అయిపోయిందమ్మా. రోజూ ఇంతే. తయారై, దీపం ఆర్పుకుని లోపల కూర్చుంటాడు. ఎందుకయ్యా అంటే చెప్పడు."

వంగి లోపలికి వెళ్లాను. ఉతికిన చొక్కాతో, తల దువ్వుకుని, దూది బస్తా మీద చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు నాన్న. పెళ్లిచూపులకి వచ్చి పిలుపు కోసం ఎదురుచూస్తున్న వాడిలా ఉన్నాడు.

"ఇంటికి రావచ్చుగా నాన్నా, ఇంత చలిలో..."

ఆయన నా మొహం చూడకుండా, "వాడు వెళ్లాడా?" అన్నాడు.

"ఇంకా లేదు," అన్నాను.

"అయితే నువ్వు పద. నేను కాసేపాగి వస్తా."

నేను షట్టరు దాటాక వెనక నుంచి పిలిచాడు. "వాడికి టీ ఇచ్చావా?"

"ఇచ్చాను."

"ఊఁ."

ఈ సంగతి మర్నాడు తమ్ముడికి చెప్పాను. వాడు మెట్ల మీద కూర్చుని బూట్ల తాళ్లు బిగించుకున్నాడు.

"ఏ మొహం పెట్టుకుని మాట్లాడనక్కా? అంత మాట అన్నాక?"

"ముందు నాన్నా అని పిలువు. మిగతాది అదే వస్తుంది."

"పరుగయ్యాక మాట్లాడతా," అన్నాడు. "ఆ రోజు చెమటతో ఉంటాగా, ఏడ్చినా తెలీదు."

ఆ వారాల్లో మా ఇంటికి ఒక కొత్త కాలక్షేపం దొరికింది. తమ్ముడు పని ముగించుకుని మా వీధిలోనే సాధన చేసేవాడు. అమ్మ మంచాన్ని కిటికీ పక్కకి జరిపాను. వాడు వీధి ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తుతుంటే ఆమె దిండుకి ఆనుకుని చూసేది. మొదట్లో వాడు ఒక్క తిరుగుడికే దీపస్తంభం పట్టుకుని ఒగర్చేవాడు. "పాపం, స్తంభం ఒరిగిపోతుందేమో చూడవే," అనేది అమ్మ. రోజులు గడిచేకొద్దీ వాడు స్తంభం దగ్గర ఆగడం మానేశాడు. బుగ్గలు కాస్త తగ్గాయి. కింది వాటా టైలరమ్మ కూడా గుమ్మంలోకొచ్చి, "కానీ బాబూ, కానీ!" అని అరవడం మొదలుపెట్టింది. వాడి ఊపిరి బాగుపడుతుంటే అమ్మ ఊపిరి తరిగిపోతోంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

పరుగు దారి మా వీధి చివర కూడలి మీదుగానే పోతుందని తెలిశాక అమ్మ పట్టుబట్టింది. కూడలి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటానంది. వాడు ఎదురుగా రాగానే చప్పట్లు కొడతానంది.

"అక్కడ గుంపులో నిన్ను కనిపెట్టడం ఎలా?" అన్నాడు తమ్ముడు.

"నేనెందుకు కనపడాలి? నువ్వు కనపడితే చాలు. నిన్ను వెతకడం పెద్ద కష్టమా?"

ఇంతలో గోడల మీద పోస్టర్లు వెలిశాయి. ఆ ఆదివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పెద్ద రోడ్డు మూసేస్తారని, వాహనాలన్నీ వంతెన మీంచి తిరిగి వెళ్లాలని. నాన్న ఇంటికొచ్చి, "ఆ రోజు మన దుకాణం వ్యాన్ బయటికి తియ్యడానికి లేదట," అన్నాడు నాతో.

"ఆదివారం మనకి బండితో ఏం పని?" అంది అమ్మ. "కుర్చీ వేసుకుని చూడ్డమే కదా."

నాన్న మర్నాడు చంకలో ఒక చిన్న పరుపు పెట్టుకుని వచ్చాడు. కుర్చీ కొలతకి సరిగ్గా కుట్టాడు, వీపుకి ఆనడానికి కూడా ఒకటి. "ఆ కుర్చీ గట్టిగా ఉంటుంది," అని మాత్రం అన్నాడు.

"మీరూ వచ్చి నా పక్కన నిలబడతారా?"

"నాకు పనుంది."

"ఆదివారమా?"

ఆయన గ్లాసు తీసుకుని వంటగదిలోకి వెళ్లిపోయాడు. అమ్మ నాకేసి కన్నుగీటి, "వస్తారులే," అంది పెదవులతోనే.

చివరి వారంలో ఆమె లేచి కూర్చోవడం కూడా కష్టమైంది. ఊపిరి ఆడకపోతే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా తీసుకొచ్చెయ్యమని డాక్టరమ్మ చెప్పింది. తమ్ముడు భయపడి, పరుగు మానేస్తానన్నాడు.

"మానేస్తే నాతో మాట్లాడకు," అంది అమ్మ, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ. "అయినా ఈ ఇంట్లో మాట్లాడుకోనివాళ్లు ఇప్పటికే ఎక్కువయ్యారు."

ఆదివారం తెల్లవారుతుండగా నాన్న నన్ను తట్టి లేపాడు. అమ్మ పెదవులు నల్లబడి ఉన్నాయి. నోరు తెరిచి గాలిని మింగుతోంది, గాలి లోపలికి పోవడం లేదు. అంబులెన్సుకి ఫోన్ చేశాను. వస్తుందన్నారు. ఆగి మళ్లీ చేశాను. బయల్దేరింది గానీ వంతెన మీద ఇరుక్కుందన్నారు, బళ్లన్నీ అటే మళ్లించారట. తమ్ముడికి చేశాను. మోగుతూనే ఉంది. ఫోన్లూ సంచులూ అన్నీ బయల్దేరే చోట అప్పగించి పరుగుకి దిగుతారని తర్వాత తెలిసింది.

"ఇంక ఆగకూడదు," అన్నాడు నాన్న. కిందకి పరిగెత్తి వ్యాన్ తలుపు తెరిచి, వెనక ఒక పరుపు పరిచాడు. టైలరమ్మా, ఆమె భర్తా పైకొచ్చారు. నలుగురం కలిసి అమ్మని మెట్ల మీంచి దింపాం. ఆమె చాలా తేలిగ్గా ఉంది. అంత తేలిగ్గా ఉండటం నాకు నచ్చలేదు.

వీధి చివరికి వచ్చాం. కూడలికి అడ్డంగా ఇనప కంచెలు. కంచెల అవతల రోడ్డు నిండా మనుషులు పరిగెత్తుతున్నారు. రంగురంగుల చొక్కాలు, మైకులో పాట, పక్కన నిలబడ్డవాళ్ల చప్పట్లు. ఆసుపత్రి అటే ఉంది. ఆ మేడ పైభాగం అక్కడికి కనపడుతూనే ఉంది. నాన్న హారన్ కొట్టాడు. పాటలో అది కలిసిపోయింది.

నడివయసు ట్రాఫిక్ పోలీసు ఒకాయన కంచె దగ్గర నుంచి వచ్చి లోపలికి తొంగి చూశాడు. చూడగానే ఆయన మొహం మారిపోయింది. వైర్‌లెస్‌లో గబగబా మాట్లాడి, "వెనక్కి తిప్పి వంతెన మీంచి వెళ్లండి పెద్దాయనా. ఇటు కుదరదు. ఆసుపత్రి దాకా రోడ్డంతా జనమే, మధ్యలో నీళ్ల బల్లలు, తోరణాలు. బండి కదలదు," అన్నాడు.

వెనక్కి చూశాను. మా వెనకే ఒక పాల వ్యాను, దాని వెనక కార్లు, మోటారుబళ్లు, వీధి మొత్తం బిగిసిపోయి ఉంది. అందరూ హారన్లు కొడుతున్నారు. నాన్న దిగి ఆ పాల వ్యానువాడిని బతిమాలాడు. వాడు తన వెనకవాడిని బతిమాలాడు. ఎవరికి ఎవరూ చోటు ఇవ్వగలిగే స్థితిలో లేరు. నేను అమ్మ తల ఒళ్లో పెట్టుకుని, "ఇదిగో, అయిపోయింది, వచ్చేశాం," అంటున్నాను. ఆమె కళ్లు మూసుకునే, నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు వదులవుతోంది.

నాన్న తిరిగొచ్చాడు. వ్యాన్ వెనక తలుపులు రెండూ బార్లా తీశాడు. పరుపు కొస పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"మోసుకెళ్దాం."

"ఇద్దరం ఎలా మోస్తాం?"

అప్పుడే తమ్ముడు కనిపించాడు. రోడ్డుకి మా వైపు అంచు వెంబడే పరిగెత్తుతూ వస్తున్నాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది, నవ్వుతున్నాడు. గుంపులో కుర్చీ కోసం వెతుకుతున్నాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా మొహాలన్నీ చూసుకుంటూ వచ్చి, నా మొహం దగ్గర ఆగాడు. చెయ్యి ఊపబోయాడు. తర్వాత వ్యాన్ చూశాడు.

నేను వాణ్ణి పిలవలేదు. నాన్నే పిలిచాడు.

"బుడగా! ఆ మూల పట్టుకోరా!"

నెలల తర్వాత వాడితో ఆయన అన్న మొదటి మాట అది. వాడు కంచె మీంచి దూకాడు. మారు మాట్లాడకుండా పరుపు మూల పట్టుకున్నాడు. నాన్న ఒకటి, నేను ఒకటి. నాలుగో మూల వేలాడుతుంటే, పసుపు టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి పరుగు ఆపి, "ఇటివ్వండి," అని అందుకుంది. ఎవరో ఏమిటో తెలీదు. పోలీసాయన కంచె పక్కకి ఈడ్చేసి, ఈల నోట్లో పెట్టుకుని మా ముందు పరిగెత్తాడు.

పరుగు పందెం మధ్యలోంచి అలా అమ్మని మోసుకెళ్లాం. ఈల వినపడి వెనక్కి చూసినవాళ్లు పక్కకి తప్పుకున్నారు. కొందరు టోపీలు తీశారు. ఒకావిడ ఏం జరుగుతోందో తెలియక మాకు కూడా చప్పట్లు కొట్టింది, అర్థం కాగానే చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్నకి ఆయాసం వస్తోంది. ఇంకెవరో వచ్చి ఆయన మూల అందుకోబోయారు, ఆయన ఇవ్వలేదు. తమ్ముడు అమ్మ తలవైపు ఉన్నాడు, మొహం ఆమె మొహం మీదికి వంచి నడుస్తున్నాడు. వాడి చెమట ఆమె నుదుటి మీద పడింది. ఆమె కళ్లు తెరిచింది.

ఏదో అంది. వాడు ఇంకా వంగాడు.

"ముందున్నావా... వెనకున్నావా?"

"ముందున్నానమ్మా," అన్నాడు వాడు. "అందరికంటే ముందున్నా."

ఆమె మూతి కాస్త వంకర పెట్టింది. నమ్మనప్పుడు ఎప్పుడూ అలాగే పెట్టేది.

ఆసుపత్రి గుమ్మం దగ్గర మనుషులు ఎదురొచ్చి చక్రాల మంచం మీదికి మార్చుకుని లోపలికి తీసుకుపోయారు. పరుపు వరండాలో అలాగే పడి ఉంది. పసుపు టోపీ అమ్మాయి నా భుజం తట్టి, "ఏం కాదండీ, తీసుకొచ్చేశాం కదా," అంది. పోలీసాయన ఆమెని పిలిచాడు. ఆమె వెనక్కి తిరిగి చూస్తూ చూస్తూ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కాకుండానే డాక్టరమ్మ బయటికి వచ్చింది. ఆమె ముఖానికి కట్టుకున్న గుడ్డ విప్పుతున్న తీరు చూసే మాకు తెలిసిపోయింది. త్వరగా వచ్చి ఉంటే ఏమన్నా తేడా ఉండేదా అని తమ్ముడు అడిగాడు. "ఈ రోజు కాకపోతే ఇంకో రోజు, బాబూ. ఇంకొన్ని రోజులు ఉండేవారేమో. చెప్పలేను," అందావిడ.

నిజం చెప్పింది. ఆవిడ ఆ ఒక్కసారి అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కిటికీ బయట ఇంకా మైకు మోగుతోంది. పరుగు ముగిసే చోటు ఆసుపత్రి ఎదురు మైదానమే. గెలిచినవాళ్ల పేర్లు చదువుతున్నారు. తమ్ముడు వరండాలో నేల మీద కూలబడ్డాడు. ఛాతీ మీద నంబరు కాగితం అలాగే ఉంది, వీపు మీద 'అమ్మ' చెమటకి తడిసి రంగు కారింది.

"నా పరుగే దారి ఆపేసింది," అన్నాడు. "ఆమె లోపల ఊపిరాడక కొట్టుకుంటుంటే నేను నవ్వుకుంటూ వచ్చాను. నేనే చంపాను నాన్నా. నేనే..."

నాకు భయం వేసింది. వానాకాలం నుంచి ఆ మాట మోస్తున్న మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఏమన్నా అనడానికి ఆయనకి అంతకంటే మంచి సమయం దొరకదు.

నాన్న మోకాళ్లు పట్టుకుని మెల్లిగా వాడి పక్కన కూర్చున్నాడు. వాడి ఛాతీ మీద నంబరు కాగితానికి పెట్టిన పిన్నీసులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు.

"ఆ మాట వద్దురా," అన్నాడు. "దానితో నిద్ర పట్టదు. నాకు తెలుసు."

కాగితం ఊడదీసి, మడిచి, పిన్నీసులతో సహా తన జేబులో పెట్టుకున్నాడు. తమ్ముడు ఆయన మోకాలి మీద తల పెట్టాడు. నేను ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక, పరుపు చుట్ట చుట్టి గోడకి ఆనించి, దాని పక్కన నిలబడ్డాను.

తర్వాతి రోజుల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పరుగు బ్రహ్మాండంగా జరిగిందని, ఆసుపత్రిలో కొత్త వార్డు కట్టడానికి సరిపడా పోగయిందని పేపర్లో వచ్చింది. టైలరమ్మ భర్త ఆ పేపరు పట్టుకొచ్చి, ఫిర్యాదు చెయ్యమన్నాడు. "ఎవరి మీద?" అన్నాడు నాన్న. నాకు మాత్రం కోపం పోలేదు. మంచి పని కోసమే కదా అని ఎంత సర్దిచెప్పుకున్నా, ఒక బండి పట్టేంత దారి వదలాలని అంతమందిలో ఒక్కరికీ తోచలేదా అని రాత్రీ పగలూ అదే తిరిగేది బుర్రలో. కూడలి దాటాల్సి వస్తే చుట్టూ తిరిగి వేరే సందులోంచి వెళ్లేదాన్ని.

తమ్ముడు ఉద్యోగం నుంచి సెలవు పెట్టి రోజూ దుకాణానికి వచ్చేవాడు. నాన్న పక్కన కూర్చుని దూది నింపేవాడు. చేతకాకపోతే నాన్న చూపించేవాడు. మాటలు తక్కువే. "అటు జరుపు." "దారం అందుకో." "టీ తాగుతావా?" అంతవరకే. చీకటి పడగానే వాడు తన గదికి వెళ్లిపోయేవాడు. ఇంటికి రమ్మని నేను అడిగితే, "ఆ కిటికీ చూడలేనక్కా," అన్నాడు. నాన్న బలవంతం చెయ్యలేదు. ఆయన దుకాణంలో స్నానం చెయ్యడం మానేశాడు. ఒక సాయంత్రం జుట్టు నిండా దూదితో ఇంటికొచ్చి, గుమ్మంలో ఆగి, తెలియకుండానే తల దులుపుకోబోయి చెయ్యి దించేశాడు. నేను వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

చలి వెనకబట్టి, మధ్యాహ్నాలు కాస్త వేడెక్కుతున్న రోజుల్లో, ఒక పొడుగాటి అమ్మాయి దుకాణంలోకి వచ్చింది. ముగ్గురం పనిలో ఉన్నాం. టోపీ లేకపోవడంతో నేను వెంటనే గుర్తుపట్టలేదు.

"వ్యాన్ మీద దుకాణం పేరు చూశానండీ ఆ రోజు," అంది. "వెతుక్కుంటూ వచ్చాను. ఎప్పట్నుంచో రావాలనుకుంటున్నా, ధైర్యం చాల్లేదు. ఆంటీకి ఎలా ఉంది?"

తమ్ముడి చేతిలో దబ్బనం ఆగిపోయింది. నాకు నోటిదాకా వచ్చింది. చెప్పాలి, ఈమెకయినా చెప్పాలి, ఆ పాటలూ చప్పట్లూ మాకేం చేశాయో ఆ గుంపులో ఒక్కరికైనా తెలియాలి అనిపించింది. ఆ అమ్మాయి రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి ఉంది. గోళ్లు కొరికి కొరికి ఉన్నాయి.

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"బాగుందమ్మా," అన్నాడు.

"నిజంగానా?" ఆమె మొహం ఒక్కసారిగా విప్పారింది. "రోజూ అదే గుర్తొచ్చేదంకుల్. నేనింకా త్వరగా ఆగి ఉంటే, ఇంకా గట్టిగా నడిచి ఉంటే అని... ఇంట్లోనే ఉన్నారా? ఒకసారి చూడొచ్చా?"

"ఈ వేళప్పుడు నిద్రపోతుందమ్మా. లేపడం ఎందుకు?"

"అయ్యో, వద్దొద్దు. పడుకోనివ్వండి." కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. తమ్ముడి వైపు తిరిగి, "మీరు వచ్చే ఏడాది కూడా పరిగెత్తుతారా?" అంది.

వాడు నాన్నకేసి చూశాడు. "చూడాలండీ," అన్నాడు.

టీ తాగి వెళ్లమన్నాడు నాన్న. ఆమె మరోసారి వస్తానని చెప్పి, మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్లిపోయింది. వీధిలో జనంలో కలిసిపోయేదాకా ముగ్గురం అటే చూస్తూ ఉండిపోయాం.

"ఎందుకు నాన్నా అలా చెప్పావు?" అన్నాడు తమ్ముడు.

నాన్న దబ్బనం అందుకుని, దారం ఎక్కించుకోవడానికి వెలుతురులోకి జరిగాడు.

"ఆ పిల్ల మోసింది చాల్లేరా," అన్నాడు.

ఆ సాయంత్రం షట్టరు దించాక తమ్ముడు తన గదివైపు తిరగలేదు. తాళం చెవులు నాన్న చేతిలో పెట్టి, ఆయన పక్కనే నిలబడ్డాడు. కూడలి మీదుగానే ముగ్గురం ఇంటికి నడిచాం.